డ్రిల్లు కొనే ముందు గోడ తట్టి చూడండి

పోయిన దసరా నుంచి ఈ దసరా దాకా మా ఇంట్లో డ్రిల్ మిషన్ ఎన్నిసార్లు బయటికొచ్చిందో, ఏం పని చేసిందో వంటింటి క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంటూ వచ్చాను. అల్మారా తలుపుల మడతబందులకు 38 స్క్రూలు, పిల్లల బల్ల విడి భాగాలు కలపడానికి 30, వంటింటి సొరుగుల పట్టాలకు 24, గోడకు కన్నాలు 11. మొత్తం 103. అందులో 92 చెక్కపనులే. గోడకు వేసిన 11 కన్నాల్లో 7 ఇటుకలోకి దిగాయి. మిగతా 4 కిటికీ పైన కర్టెన్ రాడ్డుకి. అక్కడ ఉన్నది ఇటుక కాదు, లింటెల్ కాంక్రీటు.

నా దగ్గరున్నది 18 వోల్టుల ఫుల్‌సైజ్ కార్డ్‌లెస్ మిషన్. ‘పెద్దదే తీసుకోండి సార్, అన్నిటికీ పడుంటుంది’ అని షాపతను అంటే తలూపి తెచ్చుకున్నాను. ఏడాది గీతలు కూడితే తేలిందిదీ: ఆ 92 పనులకు అది అనవసరపు బరువు. లింటెల్ దగ్గర ఆ 4 కన్నాలకు చాలనే లేదు, వీధి చివర ఎలక్ట్రీషియన్ని బతిమాలి హ్యామర్ మిషన్ తెచ్చుకున్నాను. దాని సత్తాకు సరిగ్గా తగిన పని 7 సార్లే దొరికింది.

12 వోల్టుల కాంపాక్టా, 18 వోల్టుల ఫుల్‌సైజా అని తేల్చుకోలేక రాణీగంజ్ షాపుల ముందు నిలబడేవాళ్ల కోసం ఈ లెక్కలు.

ముందు వోల్టుల సంగతి. బ్యాటరీ పెట్టె విప్పితే లోపల టార్చిలైటు సెల్లుల్లాంటి గుండ్రటి లిథియం అయాన్ సెల్లులు కనిపిస్తాయి. ఒక్కోదాని నామమాత్రపు వోల్టేజి 3.6. నిండా చార్జ్ చేస్తే 4.2 దాకా పోతుంది. 3 సెల్లులు వరసగా కలిపితే 10.8 వోల్టులు. నిండా చార్జయినప్పుడు 12 దాటుతుంది కాబట్టి పెట్టె మీద 12 అని రాస్తారు. 5 సెల్లులు కలిపితే 18. నిండినప్పుడు 20 దాటుతుంది. అంటే 10.8 అన్నా 12 అన్నా ఒకటే. 18 అన్నా 20 అన్నా 21 అన్నా ఒకటే. డీవాల్ట్ కంపెనీ అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ పేరుతో అమ్మేదే యూరప్ వెళ్లేసరికి 18 వోల్టులవుతుంది. సముద్రం దాటితే 2 వోల్టులు తగ్గవు, రాసే పద్ధతి మారుతుందంతే.

ఆన్‌లైన్‌లో 48 వీఎఫ్, 88 వీఎఫ్ అని కనబడే పేరులేని మిషన్ల కథ వేరు. వీఎఫ్ అనే కొలమానం ఏ భౌతికశాస్త్రం పుస్తకంలోనూ లేదు. అలాంటిది ఎదురైతే మిషన్ని వదిలేసి చార్జరు వెనక అచ్చేసిన అవుట్‌పుట్ వోల్టేజి చూడండి. 12.6 అని ఉంటే లోపల 3 సెల్లులు, 16.8 అయితే 4, 21 అయితే 5. ప్రతిదాన్నీ 4.2తో భాగించుకోవడమే. ప్రకటన అబద్ధమాడొచ్చు కానీ చార్జరు ఆడలేదు. ఆడితే బ్యాటరీ కాలిపోతుంది.

సెల్లులు పెరిగితే లాభమేమిటి? ఒక సెల్లు ఆగకుండా 20 యాంపియర్లు ఇవ్వగలదనుకుందాం. 10.8 వోల్టుల మిషన్‌కి 216 వాట్లు అందుతాయి. 18 వోల్టులదానికి అదే కరెంటుతో 360. ప్లగ్గులో పెట్టి వాడే మామూలు 13 మిల్లీమీటర్ల డ్రిల్లు 500 నుంచి 600 వాట్లు లాగుతుంది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరి తాహతు ఏమిటో తెలిసిపోతుంది.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే రెండో అంకె టార్క్, అంటే తిప్పే బలం. న్యూటన్ మీటర్లలో రాస్తారు. 12 వోల్టుల మిషన్లు ఎక్కువగా 30 దగ్గర ఉంటాయి, 18 వోల్టులవి 50, 60 దగ్గర. ఇంకా ఖరీదైనవి 80 దాటుతాయి. 30 న్యూటన్ మీటర్లంటే ఎంత? 25 కిలోల బియ్యం బస్తాని 12 సెంటీమీటర్ల పానా చివర వేలాడదీస్తే బోల్టు మీద పడే మెలి ఇంచుమించు అంత. 60 అంటే అదే బస్తా 24 సెంటీమీటర్ల పానా చివర. మడతబందుకు వేసే అంగుళం లోపు స్క్రూకి, బల్ల కాలుకి వేసే 2 అంగుళాల స్క్రూకి 5 న్యూటన్ మీటర్ల లోపే సరిపోతుంది. మన చేతి స్క్రూడ్రైవరు వందేళ్లుగా ఆ పని చేయట్లేదా?

కాబట్టి చెక్కపనిలో ఎక్కువ టార్క్ వరం కాదు, చాలాసార్లు తలనొప్పి. స్క్రూ తల చెక్కలోకి కూరుకుపోతుంది, లేదా తలమీది గాడి అరిగిపోతుంది. అలా కాకుండా కాపాడేది మిషన్ మెడ దగ్గరి అంకెల రింగు, దాని పేరు క్లచ్. దాని మీది 1 నుంచి 20 అంకెలు న్యూటన్ మీటర్లు కావు, వట్టి వరస అంకెలే. 3, 4 దగ్గర మొదలుపెట్టి స్క్రూ పూర్తిగా దిగకుండానే టకటకమంటుంటే ఒక్కో అంకె పెంచుకుంటూ పోవాలి. డ్రిల్లు గుర్తు మీద పెట్టి స్క్రూలు బిగించేవాళ్లను చాలామందిని చూశాను. మా పెద్దతలుపు అలాగే పోయింది, చేసింది నేనే.

పెద్ద టార్క్ వల్ల చేతికి జరిగే ప్రమాదం గురించి షాపులో ఎవరూ చెప్పరు. కాంక్రీటులో బిట్టు ఇనుప చువ్వకు తగిలి ఇరుక్కుంటే బిట్టు ఆగిపోతుంది, మిషన్ తిరుగుతుంది. 60 న్యూటన్ మీటర్ల మిషన్‌ని పక్క పిడి పెట్టి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నా ఆ చేతి మీద 300 న్యూటన్లు, అంటే 30 కిలోల కుదుపు పడుతుంది. పక్క పిడి లేకపోతే ఆ మెలి అంతా మణికట్టే మోయాలి. అప్పుడు మీరు నిచ్చెన మీద ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

బరువు సంగతి కూడా అంకెల్లోనే చూద్దాం. 12 వోల్టుల మిషన్ బ్యాటరీతో కలిపి కిలోకి అటూఇటూ ఉంటుంది. 18 వోల్టులది చిన్న బ్యాటరీతో కిలోన్నర, పెద్ద బ్యాటరీతో 2 కిలోల దాకా. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవుండే 18650 రకం సెల్లు ఒక్కోటి 46 గ్రాములు తూగుతుంది. 3 సెల్లులు 140 గ్రాములకు దగ్గర, 5 సెల్లులు 230. 4 లేదా 5 యాంపియర్ అవర్ల పాత తరహా ప్యాకులో 10 సెల్లులుంటాయి, అంటే 460 గ్రాములు. పైన డొల్ల బరువు అదనం.

కిలో తేడా ఏమంత అనిపిస్తుంది. చేయి ముందుకు చాచి పట్టుకుంటే మిషన్ భుజానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 1 కిలో మిషన్ భుజం మీద వేసే భారం 6 న్యూటన్ మీటర్లు, 2 కిలోలదైతే 12. 3 కిలోల బరువున్న చేయి తన వంతుగా మరో 9 వేస్తుంది. మొత్తం 15, లేదా 21. అంటే భుజానికి నూటికి 40 వంతుల శ్రమ ఎక్కువ. బల్ల మీద ఆనించి చేసే పనికి ఇది లెక్కలోకి రాదు. అల్మారాలో దూరి పైఅర బిగించేటప్పుడు మూడో స్క్రూకల్లా తెలుస్తుంది. అమ్మానాన్నలకో, అత్తగారికో బహుమతిగా కొనేవాళ్లు ఈ బరువు అంకె ఒక్కటి చూసుకుంటే చాలు.

ఇక గోడ. ఇంత లెక్కా దీనికోసమే.

మన ఊళ్లలో గోడలన్నీ ఒక్క జాతివి కావు. పాత ఇళ్లల్లో ఎర్ర ఇటుక. పదిహేను ఇరవై ఏళ్లుగా సిమెంటు ఇటుకలు, ఫ్లైయాష్ ఇటుకలు, తేలికపాటి ఏఏసీ బ్లాకులు. హైదరాబాద్‌లో కొత్తగా లేస్తున్న పెద్ద టవర్లలో చాలావాటికి మైవాన్ పద్ధతి, అంటే అల్యూమినియం అచ్చుల్లో గోడల్ని కూడా స్లాబుతోపాటే కాంక్రీటుతో పోసేస్తారు. అక్కడ లింటెలే కాదు, ఫొటో తగిలించే గోడ కూడా కాంక్రీటే.

బలాల తేడా చూడండి. మట్టి ఇటుకకు భారతీయ ప్రమాణాలు అడిగే కనీస బలం చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్లు. ఏఏసీ బ్లాకు కూడా అటూఇటూగా అంతే. అపార్ట్‌మెంట్లలో వాడే ఎం25 కాంక్రీటు పేరులోనే 25 ఉంది, పోసిన 28 రోజులకు అది తట్టుకోవాల్సిన ఒత్తిడి. కనీస ఇటుకకు 7 రెట్లు. పైగా అందులో నల్లకంకర ఉంటుంది. బిట్టు ముందు కంకర రాయి పడితే తిప్పడం వల్ల లాభం లేదు, కొట్టాలి.

కొట్టడంలో రెండు రకాలున్నాయి. ఇళ్లకు అమ్మే ఇంపాక్ట్ డ్రిల్లు, అది 12 వోల్టులదైనా 18దైనా, లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదానిమీద ఒకటి జారుతూ దడదడలాడటం వల్లే కొడుతుంది. నిమిషానికి 20,000 నుంచి 30,000 దెబ్బలు. వినడానికి బ్రహ్మాండం. కానీ ఒక్కో దెబ్బలో పస తక్కువ. ఆ పస కూడా మీరు వెనకనుంచి ఎంత బలంగా నెడితే అంతే. కరెంటోళ్లు తెచ్చే హ్యామర్ మిషన్ వేరే జాతి. అందులో పిస్టన్ గాలిని నొక్కి నిజంగానే ఒక సుత్తిని విసురుతుంది. బిట్టు చివర గాడులుంటాయి, దాన్ని ఎస్‌డీఎస్ అంటారు. దెబ్బలు నిమిషానికి 4,000 నుంచి 5,000 మాత్రమే, కానీ ఒక్కో దెబ్బ 2 జూళ్లకు పైన. 2 జూళ్లంటే అరకిలో సుత్తి 40 సెంటీమీటర్ల ఎత్తునుంచి పడ్డంత. నిమిషానికి 4,500 సార్లు అలా పడితే కేవలం దెబ్బల రూపంలోనే 150 వాట్లు రాయిలోకి దిగుతాయి. కంసాలి సుత్తికీ, కమ్మరి సమ్మెటకీ ఉన్న తేడా ఇదే. కంసాలి రోజంతా కొట్టినా నాగటికర్రు తయారుకాదు.

అందుకే నా లెక్క ఇలా సాగుతుంది. గోడ ఏఏసీ అయితే ఇంపాక్ట్ మోడ్ అసలు వద్దు, 12 వోల్టుల మిషన్ మామూలు తిప్పుడుతోనే 6 మిల్లీమీటర్ల కన్నం వేస్తుంది. కొడితే కన్నం వెడల్పై ప్లాస్టిక్ ప్లగ్గు వదులైపోతుంది. ఎర్ర ఇటుక అయితే ఇంపాక్ట్ ఉన్న 12 వోల్టులది 6, 8 మిల్లీమీటర్ల కన్నాలకు పనికొస్తుంది, 18 వోల్టులది త్వరగా ముగిస్తుంది. కాంక్రీటు అయితే రెండూ దండగే. ఒకటి రెండు కన్నాలు అరగంట కుస్తీపట్టి వేయొచ్చు, ఆ లోపల కార్బైడ్ మొన ఎర్రగా కాలి బిట్టు మొద్దుబారుతుంది. 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్లుకీ, ప్లగ్గు హ్యామర్‌కీ మధ్య ఉన్న దూరం ముందు 12కీ 18కీ మధ్య ఉన్న తేడా ఒక లెక్కే కాదు.

మీ గోడ ఏదో ఎలా తెలుస్తుంది? వేలి కణుపుతో తట్టండి. ఏఏసీ గోడ డొల్లగా, మందంగా పలుకుతుంది. కాంక్రీటు పలకనే పలకదు, వేలు నొప్పిపెడుతుంది. అనుమానంగా ఉంటే అల్మారా వెనకో, ఎవరికీ కనబడని చోటో చిన్న కన్నం మొదలుపెట్టి రాలిన పొడి చూడండి. ఎర్ర పొడి ఇటుక, తెల్లగా పిండిలా రాలేది ఏఏసీ, బూడిదరంగులో గరగరలాడేది కాంక్రీటు. కన్నం కింద పాత కవరొకటి నోరు తెరిచి అంటిస్తే పొడి అందులోనే పడుతుంది, ఇంట్లో గొడవలుండవు. స్విచ్‌బోర్డుకి సూటిగా పైనా కిందా మాత్రం కన్నం పెట్టొద్దు, వైర్ల పైపు అటే పోతుంది. మిషన్ బ్యాటరీదే కదా అని ధీమా పనికిరాదు. గోడలోపలి కరెంటు 230 వోల్టులే. బాత్రూం టైల్సుకీ, వంటింట్లో కడప బండల అరలకీ ఇంపాక్ట్ మోడ్ కట్టేయాలి. టైలు పగులుతుంది, బండ పొరలుగా లేస్తుంది.

చార్జి ఎంతసేపు వస్తుందన్నది అందరూ అడిగే ప్రశ్న. వోల్టుల్ని యాంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లొస్తాయి. నిజమైన ఇంధనం అదే. 12 వోల్టుల 2 యాంపియర్ అవర్ల ప్యాకులో 21.6 వాట్ అవర్లు. 18 వోల్టుల 2 యాంపియర్ అవర్లదాంట్లో 36. అదే 5 అయితే 90. ఇప్పుడు 50 మిల్లీమీటర్ల స్క్రూ తీసుకోండి. ఒక్కో చుట్టుకీ 2 మిల్లీమీటర్లు దిగితే 25 చుట్లు. సగటున 2 న్యూటన్ మీటర్లు పెడితే 314 జూళ్లు. మోటారులో, గేర్లలో సగం వృథా అనుకున్నా 630 జూళ్లు, అంటే 0.175 వాట్ అవర్లు. 21.6ని దానితో భాగిస్తే 120కి పైగా స్క్రూలు. మా ఇంటి ఏడాది చెక్కపని అంతా, 92 స్క్రూలూ, చిన్న మిషన్ ఒక్క చార్జిలో ముగించేసేది.

మరి పెద్దది ఎవరికి? తిప్పే పని కాకుండా కోసే పని, రాపిడి పని ఉన్నవాళ్లకి. సొంతిల్లు, పెరడు, ఇనుప గేటు, రేకుల షెడ్డు ఉన్నవాళ్లు ఇనుముకి కన్నాలు వేస్తారు, గ్రైండరుతో ఊచలు కోస్తారు, చెట్టుకొమ్మలు కొడతారు. ఆ పనిముట్లకు దప్పిక ఎక్కువ. 500 వాట్లు లాగే గ్రైండరు 36 వాట్ అవర్ల బ్యాటరీని 4 నిమిషాల చిల్లరలో తాగేస్తుంది. 90 వాట్ అవర్లదైతే 11 నిమిషాలకు కాస్త తక్కువ. ఇలాంటివాళ్లు 12 వోల్టుల వైపు చూడనే కూడదు. 18లోనే ఒక కంపెనీ పట్టుకుని డ్రిల్లు, గ్రైండరు, రంపం అన్నిటికీ అవే రెండు బ్యాటరీలు తిప్పుకోవాలి. రెండో మిషన్ నుంచి బ్యాటరీ లేకుండా వట్టి ఒళ్లు కొనుక్కోవచ్చు.

ఇక్కడొక మెలిక ఉంది. ఒకే కంపెనీ బ్యాటరీలన్నీ ఒకదానిలో ఒకటి దూరవు. బాష్‌లో నీలం రంగు 18 వోల్టులది ఆకుపచ్చ రంగు మిషన్‌లో పట్టదు. మకీటాలో ఎల్‌ఎక్స్‌టీ శ్రేణి బ్యాటరీ, జీ శ్రేణి బ్యాటరీ వేర్వేరు. కంపెనీ పేరొక్కటే కాదు, శ్రేణి పేరు కూడా చీటీ మీద రాసుకుని వెళ్లండి.

అమెరికా నుంచి వచ్చే అల్లుళ్లూ అన్నయ్యలూ అక్కడ పండగ తగ్గింపుల్లో కొని తెస్తుంటారు. మిషన్‌తో ఇబ్బంది లేదు, చార్జరుతోనే. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. 120కే తయారైన చార్జరుని మన ప్లగ్గులో పెడితే 3.7 రెట్ల శక్తి దాని నెత్తిన పడుతుంది, పొగొస్తుంది. వెనక 100-240 అని ఉంటేనే తెమ్మనండి. విడి బ్యాటరీలు చెకిన్ సామానులో పెట్టనివ్వరు, చేతిసంచిలోనే తేవాలి. 100 వాట్ అవర్ల దాకా అడ్డులేదు. 18 వోల్టుల 5 యాంపియర్ అవర్లది 90 కాబట్టి వస్తుంది. 6ది 108 అవుతుంది, దానికి విమానసంస్థ అనుమతి కావాలి.

ఎండ గురించి ఒక్క మాట. లిథియం సెల్లుల్ని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గది వేడే 40 దాటుతుంది, పనిచేసి వచ్చిన బ్యాటరీ అంతకన్నా వేడిగా ఉంటుంది. చార్జరు ఎర్రలైటు మినుకుమినుకుమంటే అది చెడిపోవడం కాదు, ఆగమంటోంది. అరగంట ఫ్యాను కింద పెట్టండి. కారు డిక్కీలో వదలకండి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జిలో ఉంచి అటకెక్కించండి.

ఖర్చు కూడా ఇలాగే వేసుకోవచ్చు. 8,000 పెట్టి కొన్న మిషన్ ఏడాదికి 10 సార్లు, 5 ఏళ్లు వాడితే ఒక్కో వాడకానికి 160 రూపాయలు. ఏడాదికి 2 సార్లే అయితే 800. ఆ 800తో ఎలక్ట్రీషియన్ తన హ్యామర్ తెచ్చి కన్నాలు వేసి, ఊడ్చి వెళ్తాడు. స్క్రూలు బిగించడం తప్ప వేరే పనిలేని ఇంటికి అసలు డ్రిల్లే అక్కర్లేదు. ఒకే సెల్లుతో, 3.6 వోల్టులతో నడిచే చేతి స్క్రూడ్రైవర్లున్నాయి. బాష్ 2003లో తెచ్చిన ఇక్సో అలాంటిదే. 3 నుంచి 5 న్యూటన్ మీటర్లు ఇస్తాయి. పైన చెప్పిన 92 స్క్రూల్లో చాలావాటికి అదీ సరిపోయేది.

నా తీర్పు: ఫ్లాటులో ఉండేవాళ్లు 12 వోల్టులది, ఇంపాక్ట్ మోడ్ ఉన్నది, 2 బ్యాటరీలతో తీసుకోండి. సొంత స్థలంలో ఇనుముతో, కలపతో కుస్తీపట్టేవాళ్లు 18 వోల్టులది, 4 యాంపియర్ అవర్లకు తగ్గని బ్యాటరీతో తీసుకోండి. కాంక్రీటు కోసం ఈ రెండింటిలో ఏదీ కొనకండి. అపార్ట్‌మెంటు సంఘాలవారికి ఒక విన్నపం: వంద ఫ్లాట్లకీ కలిపి ఒక్క ప్లగ్గు హ్యామర్ మిషన్, 6, 8, 10 మిల్లీమీటర్ల బిట్లు మూడు కొని వాచ్‌మన్ గదిలో పెట్టండి. పేరు రాసి పట్టుకెళ్లి సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలని షరతు పెట్టండి. ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా మాత్రం ఎవరికీ ఇవ్వకండి.